పిలిస్తే పలకని చిన్న కట్టయ్య

హసన్‌పర్తి దగ్గరి కోల్డ్ స్టోరేజీలో మా నాన్న కట్టయ్య మిర్చి బస్తాలు మోస్తాడు. అక్కడి గోడకే నేను చేసిన డబ్బా ఉంది. గది ఎంత చల్లగా ఉందో అది పగలూ రాత్రీ గుర్తుపెట్టుకోవాలి. మా ఇంట్లో ఇంజినీరింగ్ చదివింది నేనే మొదలు. నా చేత్తో చేసిన మొదటి పని కూడా ఇదే.

కానీ సాయంత్రం దాకా గుర్తుపెట్టుకుని, ఆ తర్వాత అంతా ఖాళీ చూపిస్తోంది. ఒక్క మెమరీ చిప్పు చాలదని తెలిసే, మొదటిదానికున్న రెండు వైర్ల మీదే రెండోదాన్నీ కలిపాను. మొదటిది నిండగానే ప్రోగ్రాం రెండోదాన్ని దాని నంబరుతో పిలుస్తుంది. అది పలకడం లేదు. చిప్పు మార్చాను, వైర్లు మార్చాను. అదే ఖాళీ.

స్టోరేజీ యజమాని రాంప్రసాద్ సేటు గుమ్మంలోనే నిలబడ్డాడు. "శ్రావణీ, రేపు పొద్దుగాల రాత్రిది కనవడకపోతే డబ్బ తీసేపిస్త. మీ నాయిన మొఖం జూసి పెట్టనిచ్చిన."

నాన్న విన్నాడు. సేటు అటు తిరిగి కేకేశాడు.

"చిన్న కట్టయ్యా! ఓ చిన్న కట్టయ్యా!"

ఎవరూ రాలేదు. కొత్తగా చేరిన హమాలీ పేరూ కట్టయ్యే. చెరువుకట్ట దేవత కట్ట మైసమ్మకు మొక్కుకుని కని, ఆ పేరు పెట్టుకున్నవాళ్ళు మా దిక్కు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. ఆయన ఎదురుగానే కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

"ఏందయ్యా, వినవడ్తలేదా?"

"నన్నా సేటూ? కట్టయ్య అంటె పలుకుత. చిన్న కట్టయ్య ఎవడో నాకేమెరుక?"

నాన్న నవ్వాడు. "నాకన్న పెద్దోడు సేటూ గాయిన. గా పేరు వెట్టిన్నని ఆయనకు జెప్పినవా మరి?"

నేను గబగబా డబ్బా మూత విప్పాను. నంబరు ప్రోగ్రాంలో రాసుకుంటే చాలదు, చిప్పుకూ తెలియాలి. దానికి ఆ సంగతి చెప్పేవి దాని పిన్నుల్లో కొన్ని; అవి మైనస్‌కు కలిశాయా, ప్లస్‌కు కలిశాయా అన్నదాన్ని బట్టే దాని నంబరు. మొదటిదాన్ని చూసి రెండోదాన్నీ అచ్చం అలాగే, ఆ పిన్నులన్నీ మైనస్‌కే, నీటుగా అతికించి పెట్టాను. రెండూ ఒకే నంబరుకు పలుకుతున్నాయి. నేను రెండోదాన్ని పిలిచే నంబరు దేనికీ లేదు. రెండోదాని నంబరు పిన్నుల్లో ఒక్కదాన్ని విడదీసి ప్లస్ వైపు అతికించాను.

తెల్లారి సేటు కళ్ళజోడు పెట్టుకుని రాత్రంతటిదీ చూశాడు. ఎక్కడా ఖాళీ లేదు.

"రెండో గదికి గూడ ఒకటి చెయ్ బిడ్డా."

నాన్న బస్తా దించి వచ్చాడు. "ఏది, గా పలకనిది ఏది?" చూపించాను. శనగగింజంత ఉంది. హమాలీలందర్నీ పిలిచాడు.

"అగో, గదే చిన్న కట్టయ్య! మా బిడ్డ పేరు వెట్టింది. ఇప్పుడు పిలిస్తె పలుకుతాంది."

కొత్తాయన తొంగిచూశాడు. "మంచిగైంది. ఇగ నన్ను గట్ల పిలువకుండ్రి."

అందరూ నవ్వారు. నేను మూత వెయ్యబోతే నాన్న వెయ్యనివ్వలేదు. లారీ డ్రైవర్లు కూడా వచ్చి చూడాలట.