గోడ మీది నెయ్యి డబ్బా

నేను ఒక నెయ్యి డబ్బాను. నాలో నెయ్యి అయిపోయి ఏళ్లయినా ఆ పేరు మాత్రం పోలేదు. రేకు వంచి, రంగులద్ది నన్ను తయారుచేసిన రోజున వంటింటి అలమరలోనే కాలక్షేపం అనుకున్నాను. కానీ నెయ్యి అయిపోగానే ఇంటావిడ సీతారావమ్మగారు నాలో ఇన్ని సబ్బునీళ్లు పోసి పెరట్లోకి తీసుకెళ్లారు. చిక్కుడు పాదుకీ క్యాబేజీ మొక్కలకీ పట్టిన గొంగళి పురుగులను పుల్లతో ఏరి నాలో వేయడం ఆవిడ పొద్దుటి పని.

కార్తీకమాసం వచ్చింది. చన్నీళ్ల స్నానం, దీపం, ఒంటిపూట భోజనం. నెల్లాళ్లూ ఏ ప్రాణినీ చంపనని దండం పెట్టుకున్నారు. పురుగులకు ఉపవాసాలు లేవాయె. అందుకని సబ్బునీళ్లు మానేసి, ఏరినవాటిని ఏరినట్టే గోడ అవతల గుమ్మరించి, "శివశివా, పోయి బతకండి" అని చెంపలు వేసుకునేవారు.

గోడ అవతల పైడమ్మ తోటకూర మళ్లున్నాయి. గంపతో వీధులన్నీ తిరిగి ఆ కూర అమ్మితేనే ఆమెకూ, మంచం పట్టిన మొగుడికీ ఇంత కూడు. సీతారావమ్మగారికది తెలియక కాదు, రోజూ కూర కొనేది పైడమ్మ దగ్గరే. కానీ గోడ దాటిందంటే ఆవిడ లెక్కలో అది బయట, అంతే.

ఒకరోజు పైడమ్మే వచ్చింది. "అమ్మగారూ, మళ్లన్నీ పురుగు తినేసినాది. ఆ డబ్బా ఓపాలి ఇస్తారేటి? ఏరుకుంటాను."

సీతారావమ్మగారు జాలిపడ్డారు. నిజంగానే పడ్డారు. "పట్టుకెళ్లు. కార్తీకం కదే, చంపకు. దూరంగా ఎక్కడైనా వదిలెయ్."

పైడమ్మ ఆ మాట తప్పలేదు. పురుగులతో నన్ను నింపుకుని ఊరి చివర పారే గెడ్డ దాకా నడిచి తుప్పల్లో వదిలి వచ్చేది. ఆ నడకతోనే కూర అమ్మే వేళ దాటిపోయేది. రాత్రిళ్లు నేను మళ్ల గట్టు మీద ఉండేదాన్ని. తెల్లారి ఆమె రాకముందే గోడ మీంచి ఓ ప్లాస్టిక్ మగ్గు మళ్లలోకి ఒరిగేది, "శివశివా" అని వినిపించేది. అరిచి చెప్పాలనిపించేది. నాకు మూతి ఉంది గాని మాట లేదు. ఆ ఏడుపు నాలోనే ఉండిపోయింది.

నెలాఖరుకు మళ్లలో కాడలు మిగిలాయి. పైడమ్మ మొగుణ్ణి ఆటోలో పడుకోబెట్టుకుని ఇటుక బట్టీ పనికి వెళ్లిపోయింది. వెళ్లేముందు నన్ను శుభ్రంగా తోమి, ఎవరి వస్తువు వాళ్లకని గోడ మీద బోర్లించింది.

పోలి పాడ్యమి నాడు సీతారావమ్మగారు అరటి దొప్పల్లో దీపాలు పెట్టి, పళ్లెంలో నీళ్ల మీద వదిలి, పక్కింటావిడతో అన్నారు: "పైడమ్మ ఎందుకో రావడం లేదు వదినా, కూరకి ఇబ్బందిగా ఉంది. పోనీలే, ఈ నెలంతా ఒక్క ప్రాణి ఉసురూ పోసుకోలేదు. అదే తృప్తి."

నేనింకా గోడ మీదే ఉన్నాను. అవతల మళ్లలో ఇప్పుడు పురుగులు కూడా లేవు.