సీసాలో పుట్టని విషం

కంఠసర్పి (డిఫ్తీరియా) టీకాలు తయారుచేసే ల్యాబులో పనిచేసే బాలశౌరి పందొమ్మిది వందల డెబ్బై ఆరులో విసుగెత్తి, సెలవు పెట్టి తిరువూరు వచ్చాడు. ఆ జబ్బు తెచ్చే క్రిమి విడిచే విషంతోనే టీకా చేస్తారు. కానీ సీసాల్లో క్రిములు దండిగా పెరిగినా విషం పుట్టడం లేదు. తుప్పుపట్టిన గొట్టాల నీళ్లలోని ఇనుమే అందుకు కారణం. ఇనుము అందినంతకాలం విషం చేసే జన్యువు పనిచేయదు. గొట్టాలు మార్చమని మూడుసార్లు రాసినా పైఅధికారి పట్టించుకోలేదు.

గుమ్మంలోనే అక్క జోజమ్మ ఏడుస్తూ ఎదురొచ్చింది. "పాపకి కంఠసర్పంటరా! ఊపిరాడటం లేదు."

పాపను ఎత్తుకుని, అక్కతో బెజవాడ బస్సెక్కాడు.

"సీసాల్లో విషం పుట్టట్లేదని నాకు ఉత్తరం రాశావుగా, దీని గొంతులో ఎలా పుట్టిందిరా?" అంది జోజమ్మ.

"ఒంట్లో ఆ క్రిమికి ఇనుము సరిగ్గా దొరకదక్కా. అందుకే విషం చేస్తుంది" అన్నాడు పళ్లు కొరుకుతూ.

బెజవాడ పెద్దాసుపత్రిలో ఇచ్చిన విరుగుడు ఇంజెక్షన్‌తో పాప బతికింది. పైఅధికారి మీద బాలశౌరి కోపం మాత్రం చల్లారలేదు. ఆ వార్డులో టీకా అందక అదే జబ్బుతో ఇంకా నలుగురు పిల్లలున్నారు.