మురుగంటని బూట్లు

అబిడ్స్‌లో దుకాణాలు తెరిచే వేళకు రోడ్డు మీద మురుగు పొంగితే మనం ముక్కు మూసుకుని పక్కకు తప్పుకుంటాం. మధ్యాహ్నానికి రోడ్డు పొడిగా కనిపిస్తే, బాగుచేసింది ఎవరని అడగం. ఆ రెండు వేళల నడుమ ఏం జరుగుతుందో కొండమ్మ ఒకనాడు కళ్లారా చూసింది.

భర్త సాయన్న మరిచిపోయిన సద్దిగిన్నె ఇచ్చిపోదామని వచ్చిందామె. మూత తీసిన మురుగు మోరీ పక్కన సాయన్న మోకాళ్ల దాకా బూట్లు, మోచేతుల దాకా గ్లవుజులు, ముఖానికి మాస్కు తొడుక్కుని నిలబడి ఉన్నాడు. ఎదురుగా ఫోను పట్టుకున్నవాడు ఆమె సొంత తమ్ముడు సురేందర్, కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు.

"బావా, జర ఇటు తిరుగు. పెండ్లికొడుకు లెక్క నిలబడు."

"పెండ్లినాడు మీ ఇంటోళ్లు గిన్ని పెట్టలేదు గదరా," అన్నాడు సాయన్న. తోటి పనివాళ్ల ముఠా అంతా నవ్వింది. కొండమ్మ కూడా నవ్వింది.

ఫొటో తీయడం అయిపోగానే ఆ సామానంతా విప్పించి ఆటోలో సుల్తాన్ బజార్‌కు పంపించారు. అక్కడ మరో ముఠా ఫొటో కోసం కాచుకుని ఉంది. కాంట్రాక్టరు కింద ఉన్న ఐదు ముఠాలకూ అదొక్కటే జత. సాయన్న నిక్కరుతో, వట్టి కాళ్లతో, నడుముకు తాడు కట్టుకుని లోపలికి దిగాడు.

"గవి తొడుక్కొని దిగొద్దా?" అని అడిగింది కొండమ్మ.

"గవి ఆఫీసుకు చూపెట్టెతందుకక్కా. లోపల కాలు జారుతది. నేనున్న గద, నీకేం ఫికర్?"

తమ్ముడు చెప్పాడు గనుక నమ్మింది. ఊరు విడిచి వచ్చిన కొత్తలో రెండేళ్లు ఆమె చేతి అన్నం తిన్నవాడు. అతణ్ని పనిలో పెట్టించింది కూడా సాయన్నే.

ఆ వారంలోనే లోపల గాజుపెంకు దిగి సాయన్న మడమ తెగింది. పసుపు అద్ది, మరునాడూ దిగాడు. పది రోజులకు జ్వరం పట్టుకుంది. పిక్కలు పిండేసినట్టు నొప్పి, కళ్లు ఎర్రబడ్డాయి. నాంపల్లిలోని దవాఖానకు తీసుకుపోతే గేటు దగ్గరే సురేందర్ అక్కను పక్కకు పిలిచాడు.

"అక్కా, బావ మోరీల దిగుతడని చెప్పకు. మనిషిని దింపుడు కానూనుకు ఖిలాఫ్. తెలిస్తే కాంట్రాక్టు పోతది, నా నౌకరీ పోతది, బావదీ పోతది. వాచ్‌మనని చెప్పు."

డాక్టరు అనూహ్య మొదట అడిగిన ప్రశ్నే అది. "ఏం పని చేస్తాడమ్మా?"

"వాచ్‌మన్, మేడమ్," అంది కొండమ్మ.

వాచ్‌మన్‌కు వచ్చే జ్వరానికి ఇచ్చే మందులే ఇచ్చారు. ఐదో రోజుకు కళ్లు పచ్చబడ్డాయి, మూత్రం ఆగిపోయింది. పరుగున తీసుకొస్తే డాక్టరు మడమ గాయం చూసి, మళ్లీ అదే ప్రశ్న అడిగింది. కొండమ్మ ఈసారి నిజం చెప్పింది.

డాక్టరు చీటీ మీద 'వాచ్‌మన్' అన్న మాట కొట్టేసింది. "ఇది ఎలుక జ్వరంలా ఉందమ్మా. ఎలుకల మూత్రం కలిసిన మురుగునీరు గాయంలోంచి ఒంట్లోకి పోతే వస్తుంది. పరీక్ష చేయిస్తాను, మందు మాత్రం ఇప్పుడే మొదలుపెడదాం. మొదటి రోజే తెలిసి ఉంటే మొదటి రోజే ఇచ్చేదాన్ని. ఇప్పటికే మూత్రపిండాలు దెబ్బతిన్నాయి."

పరీక్షలో అదే తేలింది. ప్రాణం దక్కింది గాని, వారానికి మూడుసార్లు మిషన్ మీద రక్తం శుభ్రం చేయించుకోక తప్పలేదు. జబ్బు పని వల్ల వచ్చిందని తేలితేనే కాంట్రాక్టరు వైద్యం చేయించాలి, వేరే పని చూపాలి. కొండమ్మ కార్మిక శాఖలో ఫిర్యాదు పెట్టింది.

విచారణ నాడు కాంట్రాక్టరు మల్లేశ్వరరావు మూడు నెలల ఫొటోలు అధికారి వామన్‌రావు ముందు పరిచాడు. "చూడున్రి సార్, రోజూ అన్నీ తొడుక్కునే పనిచేసిండు. మేం మనుషులను దింపం. జబ్బు బయటెక్కడనో తగిలింది."

వామన్‌రావు సురేందర్ వైపు తిరిగాడు. సురేందర్ బల్ల మీదనుంచి చూపు ఎత్తలేదు. "ఔ సార్. బావ మోరీల దిగలే. ఆళ్ల బస్తీల ఎలుకలు మస్తుంటయ్."

తనకు అన్నం పెట్టిన బస్తీ గురించి అంటున్నాడు. కొండమ్మ ఫొటోలు ముందుకు లాక్కుంది. చదువు రాని మనిషి. కానీ ఒక్కొక్కటీ తిప్పి, చాలాసేపు చూసింది.

"సార్, పద్దెనిమిదేండ్ల సంది ఈయన బట్టలు నేనే ఉతుకుతున్న. మూడు నీళ్లు పెట్టినా కంపు పోదు. మూడు నెలల సంది ఈ బూట్లకు ఒక్క చుక్క బురద అంటలేదు. ఇవన్నీ పనికి ముందు తీసినయే. పనైనంక తీసింది ఒక్కటి చూపియ్యమనున్రి."

మల్లేశ్వరరావు దగ్గర అలాంటిది ఒక్కటీ లేదు.

"అక్కా, నా నౌకరీ పోతది," అని గొణిగాడు సురేందర్.

"నీ నౌకరీ కోసమే తమ్మీ, డాక్టరమ్మకు అబద్ధం చెప్పిన. నా మొగడు మిషన్ మీద పడ్డడు. ఇంకేం అడుగుతవ్?"

వామన్‌రావు ఫొటోలు పక్కకు నెట్టి, డాక్టరు ఇచ్చిన కాగితం చూసి, జబ్బు పని వల్లే వచ్చిందని రాసి సంతకం చేశాడు. ఆ కాగితం వైద్యం ఇప్పిస్తుంది, మూత్రపిండాలను తిరిగి ఇవ్వదు. బయట సాయన్న ముఠా మనుషులు నిలబడి ఉన్నారు. కొండమ్మ వాళ్ల దగ్గర ఆగింది.

"అన్నా, బూట్లు మీ కాళ్లకుంటేనే పనికి పోన్రి. మోరీల దిగమంటే దిగకున్రి. జ్వరమొస్తే దవాఖానల ముందుగాల చేసే పనేందో చెప్పున్రి. నా లెక్క దాచకున్రి."

మన మురుగును ఎత్తిపోసే మనిషికి రక్షణను ఫొటోలో చూపి, నిజంలో ఎగ్గొట్టి, అతని పనిని వైద్యుడికి సైతం చెప్పుకోనివ్వకపోతే, అతణ్ని జబ్బుపాలు చేసింది పైన నిలబడిన మనుషులేనని మనం ఒప్పుకోవాలి.