బండి ప్లేటు

ఒక వ్యాపారిని దెబ్బ తీయాలంటే అతని సరుకు కొనడం మానేస్తే చాలదు. అతని దగ్గర లేని సరుకుకు గిరాకీ పెంచాలి. అడిగేవాళ్ళు పదిమందే అయితే రేపు మాపు అని తప్పించుకుంటాడు. వెయ్యిమంది అడిగితే తప్పించుకోలేడు. ఈ సంగతి నేను వేరుశనగ బేరాల్లో నేర్చుకున్నాను, క్లారినెట్ వాయించే ఆనందం అనే ఆయన మీద వాడాను.

నా పేరు గోపన్న. మాది కోడుమూరు. వరసగా వానలు ఎగ్గొట్టాక పొలం తమ్ముడికి వదిలేసి కర్నూలు చేరాను. కొన్నాళ్ళు వేరుశనగ వ్యాపారం చేసి, తర్వాత గ్రామఫోను ప్లేట్ల అంగడి పెట్టాను. పెళ్ళిళ్ళకూ జాతరలకూ మైకు సెట్టు బాడుగకు ఇచ్చేవాణ్ణి. తమ్ముడు ఉరుకుందు సేద్యం చేస్తూనే బ్యాండు మేస్త్రీ ఏసురాజు దగ్గర క్లారినెట్ నేర్చాడు. ఆ తర్వాత ఆనందం నాటక సమాజంలో రెండో క్లారినెట్‌గా చేరాడు. మొదటి క్లారినెట్ ఆనందానిదే. సమాజమూ అతనిదే.

ఉరుకుందు వాయించేది ఒక కట్టుబాటుకు లొంగేది కాదు. వేషగాళ్ళు వేషం మార్చుకునేదాకా జనాన్ని కూర్చోబెట్టమంటే, తాళం పక్కన పెట్టి, ఏ రాగమని అడిగితే చెప్పలేని విధంగా, అప్పటికి తోచింది ఊదేవాడు. కపిల బావి గిలక కీచుమనడం, రాళ్ళబాటలో బండి ఇరుసు మూలగడం, ఎండిన జొన్నచొప్పలో గాలి దూరడం, డోన్ స్టేషనులో గూడ్సు పెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకోవడం, అన్నీ ఆ గొట్టంలోంచి వచ్చేవి. ఇవాళ వాయించింది రేపు రాదు. మళ్ళీ వాయించరా అంటే "ఏం వాయించినాను?" అని నన్నే అడిగేవాడు.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో మద్రాసు ప్లేట్ల కంపెనీ ఒకటి మిషను తెచ్చి, ఒక మిద్దెలో గోడలకు పరుపులు ఆనించి, కిటికీలకు బొంతలు కట్టి, నాటకాల పద్యాలు ఎక్కించుకుంది. ఆనందం సమాజం పద్యం ప్లేటుకు ఒక పక్క సరిపోయింది. రెండో పక్కకు ఏం ఎక్కించాలో తేలలేదు. ఆనందం బయట కాఫీ తాగుతూ ఉరుకుందును పిలిచి, "మిషనాయన ఏందో సరిజూసుకోవల్లంట. లోపలికి పోయి ఏదో ఒకటి ఊదుపో" అన్నాడు.

మూడు నిమిషాలు కాగానే ఎర్రబల్బు వెలుగుతుంది, వెలిగితే ఆపాలి. అదీ అక్కడి నియమం. ఉరుకుందు ఊదాడు. అతని పాటలో బండి ఒక గుట్ట ఎక్కుతూ ఉంది. సగం ఎక్కిందో లేదో బల్బు వెలిగింది. టక్కున ఆపేశాడు. కంపెనీ ఆయనకు అది నచ్చి రెండో పక్కకు దాన్నే వేసుకున్నాడు.

ఆరు నెలలకు ప్లేటు నా అంగడికి వచ్చింది. నడుమ కాగితం మీద "క్లారినెట్: ఆనందం" అని అచ్చేశారు.

తమ్ముణ్ణి వెంటబెట్టుకొని ఆనందం ఇంటికి పోయాను. సమాజం వాళ్ళంతా వసారాలో ఉన్నారు. ప్లేటులో వాయించింది మా వాడన్న మాట విని ఆనందం కోప్పడలేదు. నవ్వాడు.

"నీదేనంటాండావు గదా, సరే. నలుగురూ ఉండారు. ప్లేటు పెడ్తా, విను. ఆనక అదే మాదిరి వాయించు. వాయిస్తే నీ పేరే ఏపిస్తా."

ప్లేటు పెట్టాడు. అయ్యాక తన క్లారినెట్ ఉరుకుందు చేతికిచ్చాడు. మా వాడు కళ్ళు మూసుకొని వాయించాడు. చాలా బాగా వాయించాడు. కానీ అది వేరేది. ప్లేటులో ఉన్నదానికీ దానికీ ఎక్కడా పొంతన లేదు. వసారా అంతా నవ్వులు.

"ఏమప్పా, నీ బిడ్డను నువ్వే గుర్తుపట్టల్యాకపోతివే!" అన్నాడు ఆనందం. "అయినా నాగలి పట్టినోని పేరేస్తే ప్లేటు ఎవురు కొంటారు? ఇంటికి పో."

క్లారినెట్ వెనక్కి తీసుకొని, ఉరుకుందు నోరు తగిలిన చోట కండువాతో తుడిచాడు. ఒకసారి కాదు, మూడుసార్లు తుడిచాడు. ఆ తుడవడం చూశాక తమ్ముడి చెయ్యి పట్టుకొని బయటికి నడిచాను.

ఉరుకుందు కోడుమూరు వెళ్ళిపోయి, సేద్యంలో పడి మడకకు అతుక్కుపోయాడు. మళ్ళీ క్లారినెట్ ముట్టలేదు. ఎద్దుల్ని అదిలించేటప్పుడు ఈల కూడా వేయడం మానేశాడని మా అమ్మ మద్దమ్మ చెప్పి ఏడ్చింది.

నేను మాత్రం ఆ ప్లేటుకు ఏజెంటునయ్యాను.

మూడేళ్ళు దాన్ని మోశాను. అంగడి తెరవగానే అదే పెట్టేవాణ్ణి. నా మైకు సెట్టు పోయిన ప్రతి పెళ్ళిలో, జాతరలో, టూరింగు టాకీసులో ఆట మొదలు కాకముందు అదే మోగేది. కడప వైపు బస్సు డ్రైవర్లకు ఊరికే ఇచ్చి హోటళ్ళలో పెట్టించాను. జనం దానికి బండి ప్లేటు అని పేరు పెట్టారు. అడ్డపంచె కట్టిన ప్రతివాడూ "ఆనందం బండి తోలితే ఎద్దులు కనబడ్తాయప్పా" అనేదాకా వచ్చింది. పదకొండు వందలకు పైగా అమ్మాను. ఆనందం పేరు నేను పెంచినంతగా వాళ్ళ నాయన కూడా పెంచి ఉండడు.

పేరు పెరిగాక ఏ ఊళ్ళో నాటకమాడినా బండి వాయించమని పట్టుబట్టసాగారు. ఆనందం తెలివితక్కువవాడు కాడు. తలుపేసుకొని గ్రామఫోను ముందు కూర్చొని ఆ మూడు నిమిషాలూ అక్షరం పొల్లుపోకుండా బట్టీపట్టాడు. స్టేజీ మీద దాన్ని వాయించి, చివరికి రాగానే తబలాకు సైగ చేసేవాడు. తబలా అందుకునేది, తెర లేచేది, గండం గడిచేది. రెండేళ్ళు అట్లా నెట్టుకొచ్చాడు.

కాబట్టి తబలా, తెర లేని చోటు కావాలి. పట్టపగలు కావాలి. అది నేనే ఏర్పాటు చేశాను. యాభై ఏడులో, డోన్‌లో వేరుశనగ మిల్లు ఆవరణలో, మధ్యాహ్నం మూడు గంటలకు ఆనందానికి సన్మానం. వర్తకులందరినీ కదిలించాను. కరపత్రంలో "ఒంటి క్లారినెట్ కచేరి" అని వేయించాను.

పిలవడానికి పోతే ఆనందం నా ముఖం లోతుగా చూశాడు.

"గోపన్నా, పాతవి మనసులో పెట్టుకోలేదు గదా?"

"యాపారం చేసేటోనికి మనసు యాడిదప్పా? నీ ప్లేటుతోనే గదా నేను తింటాండేది" అన్నాను.

అతనికి ఆ మాట నిజంగానే తోచింది.

మా వైపు వన్స్‌మోర్ సంగతి కాస్త చెప్పాలి. పద్యం బాగుంటే జనం వన్స్‌మోర్ కొడతారు. అంటే పాడిందే మళ్ళీ పాడమని కాదు. ఈసారి రాగాన్ని ఏ దారిన తిప్పుతావో, ఎంత దూరం తీసుకుపోతావో చూపించమని. మొదటిసారి పాడినట్టే పాడితే ఎంత పెద్ద నటుడికైనా మర్యాద దక్కదు. ఆనందానికి ఇది నాకంటే బాగా తెలుసు. తెలిసీ వచ్చాడు. పూలదండ కనపడితే మనిషి కాళ్ళు ఆగవు.

ఆ రోజు రైల్వే కూలీలు, బండ్లవాళ్ళు, చుట్టుపక్కల రైతులు మిల్లు ఆవరణ నిండా కూర్చున్నారు. ఏసురాజు ముందు వరసలో ఉన్నాడు. విత్తనాల బేరం ఉందని చెప్పి ఉరుకుందును నేనే పిలిపించి వెనక బస్తాల దగ్గర కూర్చోబెట్టాను. మైకు దగ్గర నేను.

శాలువా కప్పడం అయింది. ఆనందం బండి వాయించాడు. బండి గుట్ట ఎక్కింది, సగంలో ఆగింది. చప్పట్లు, వన్స్‌మోర్! మళ్ళీ వాయించాడు. అదే గుట్ట, అదే సగం. చప్పట్లు తగ్గాయి, కానీ కేకలు పెరిగాయి. మూడోసారి మొదలుపెట్టాడు. అతని మెడ మీద చెమట కాలువ కట్టింది. మళ్ళీ అక్కడే ఆపాడు.

ఏసురాజు లేచి నిలబడ్డాడు. "ఏమప్పా ఆనందం, మూడుతూర్లూ నడిగుట్టలోనే నిలబెడ్తివి. ఎద్దులు ఎంతసేపని మోస్తాయి? పైకి తోలు!"

"దోవ ల్యాదేమో!" అని ఒకడు.

"ప్లేటు ఆడికే గదప్పా ఉండేది!" అని ఇంకొకడు.

"కీ ఇయ్యండప్పా ఆయప్పకు!"

"ముల్లు అరిగిపాయ, ముల్లు మార్చండి!"

ఆవరణ అంతా గొల్లున నవ్వింది. ఆనందం క్లారినెట్ నోటికి పెట్టుకున్నాడు. ఒక స్వరం ఊదాడు. అది ఎటు పోవాలో తెలియక గొట్టంలోనే చచ్చింది. నవ్వులు ఇంకా పెరిగాయి. మైకు సరిచేస్తున్నట్టు నేను దగ్గరికి పోయి దాన్ని చేత్తో మూశాను.

"మైకు ఆపప్పా గోపన్నా," అన్నాడు పెదవి కదలకుండా. "కరెంటు పాయనని చెప్పు. నీ కాళ్ళు పట్టుకుంటా."

"కాళ్ళొద్దు. ఒక పేరు చెప్పు. అందరికీ వినపడేట్టు చెప్తే ఆపుతా. ల్యాకుంటే పొద్దు గూకేదాకా ఈడనే నిలబడు."

అతను జనాన్ని చూశాడు. ఎవడో పల్లీ పొట్టు విసిరాడు. అది శాలువా మీద పడింది. అప్పుడు మైకు పట్టుకున్నాడు.

"ఇది... ఈ ప్లేటులో వాయించింది నేను కాదు. కోడుమూరు ఉరుకుందు వాయించినాడు."

ఆవరణలో పెద్ద గోల లేచింది. మైకు ఆపాను. మాటంటే మాటే. ఆనందం శాలువా స్టేజీ మీదే వదిలి వెనక గేటు గుండా పోయాడు. ఆ నిమిషం నాకు కడుపు నిండింది. అబద్ధం చెప్పను, అంత కమ్మగా ఏ పండక్కీ తినలేదు.

"ఉరుకుందు యాడ? ఉరుకుందును పిలువు!" అని జనం. ఏసురాజు తన క్లారినెట్ తెచ్చి మా వాడి చేతికివ్వబోయాడు. ఉరుకుందు దాన్ని ముట్టకుండా, "అది నాకు రాదు మేస్త్రీ. ఆ పొద్దు వచ్చింది, ఆ పొద్దే పాయ" అని చెప్పి, బస్తాల మధ్య నుంచి దారి చేసుకొని స్టేషను వైపు నడిచాడు.

ప్లాట్‌ఫారం మీద పట్టుకున్నాను. బెంచీ మీద కూర్చొని ఉన్నాడు.

"నీ పేరు చెప్పించినా గదరా. నలుగురు కాదు, రెండువేలమంది ముందర."

"ఎన్ని ప్లేట్లు అమ్మినావన్నా?"

"పదకొండు వందల పైన."

"అంటే పదకొండు వందల ఇండ్లల్లో నా ఊపిరి మీద వాని పేరు ఉండాది." నా వైపు చూడలేదు. "ఆయప్ప ఒకసారి దొంగిలించినాడు. ఊరూరికీ మోసి, ఇంటింటికీ పంచింది నువ్వు."

"వాణ్ణి పడగొట్టేకి చేస్తిరా. నీ కోసం."

"నా కోసమా? నన్నొకతూరి అడిగితివా? జాతరలో నీ మైకులో అది మోగతాంటే నేను చెవులు మూసుకొని చేన్లోకి పోతాంటి. పెట్టేది ఎవురో తెలిసీ పోతాంటి."

రైలు వచ్చింది. ఎక్కేముందు ఒకే మాట అన్నాడు. "ఆ ఇండ్లన్నీ తిరిగి సరిజేయి. అన్నీ అయినాక నాతో మాట్లాడు."

పేరు మార్చి అచ్చేయమని కంపెనీకి రాశాను. పాత ప్లేటు, మళ్ళీ వేసేది లేదని జవాబొచ్చింది. అందుకని కర్నూలు ప్రెస్సులో గోరంత చీటీలు అచ్చేయించాను: "క్లారినెట్: కోడుమూరు ఉరుకుందు." చీటీలూ, మైదా బంకా, తడిగుడ్డా సంచిలో వేసుకొని, అమ్మిన ఊళ్ళన్నీ మళ్ళీ తిరుగుతున్నాను. ఆనందం పేరు మీద మా వాడి పేరు అంటిస్తున్నాను. కొందరు కుర్చీ వేసి కూర్చోబెడతారు. కొందరు పిచ్చోడనుకుంటారు. కొన్ని పగిలిపోయాయి. కోడుమూరు దగ్గర ఒక ఇంట్లో ప్లేటును వేడిచేసి వంచి బొరుగులు పోసుకునే గిన్నె చేసుకున్నారు. దాని అడుగునా అంటించాను. రెండేళ్ళకు ఏడు వందల నలభై అయ్యాయి. తమ్ముడు ఇంకా మాట్లాడలేదు.

పోయిన నెల కడప వెళ్ళాను. సమాజం చెదిరిపోయాక ఆనందం అక్కడ అత్తగారింట్లో ఉంటున్నాడు. అతని భార్య భీమమ్మ మజ్జిగ తెచ్చింది. తీసుకోలేదు. నేను ఎందుకొచ్చానో ఆనందానికి అడగకుండానే తెలిసింది. లోపలి నుంచి ప్లేటు తెచ్చాడు, పాత చీర గుడ్డలో చుట్టి ఉంది.

"చీటీ ఇట్లియ్యప్పా. నేనే అంటిస్తా," అన్నాడు. "అదన్నా నా చేత్తో జరగనీ."

"వద్దు. నువ్వు పట్టుకో. కదలనీకుండా పట్టుకో."

పట్టుకున్నాడు. బంక పూశాను, అతని పేరు మీద చీటీ పెట్టి బొటనవేలితో గట్టిగా ఒత్తాను. అంచు లేచిన చోట అతన్ని అట్లాగే పట్టుకోమని మళ్ళీ ఒత్తాను.

"ఇంగ అయిపోయినట్టేనా గోపన్నా?"

"యాడైతాది? నువ్వు నీ చేత్తో బహుమానంగా ఇచ్చిన ప్లేట్లు ఉండాయి గదా. అవి నాకు తెల్దు. ఎవురెవురికి ఇచ్చినావో ఊరు, పేరు చెప్పు."

పెన్సిలు తీశాను. ఆనందం అరుగు మీద కూర్చొని ఒక్కొక్క ఇల్లే గుర్తు చేసుకుంటూ చెప్పసాగాడు. ఏ రెడ్డి దండ వేశాడో, ఏ ఇంట్లో విందు పెట్టారో, ఏ ఊళ్ళో బండి మీద ఊరేగించారో, అన్నీ నోటితో చెప్పాల్సి వచ్చింది. ఎండ అరుగు మీదికి వచ్చింది. అతను పక్కకు జరగబోతే, చెప్పడం కానియ్యమన్నాను. ముప్పై ఒక్క పేర్లు. చివరి పేరు రాసుకొనేదాకా అతన్ని లేవనివ్వలేదు.