మబ్బు కింద మనిషి

కిటికీ అద్దం కాస్త శుభ్రంగా ఉంటేనా, ఆ మూల మబ్బు అడుగున నల్లగా దిగి పైన పాలపొంగులా లేస్తోంది, ఇంకో పావుగంటలో కురుస్తుంది, చెయ్యి దానంతటదే కెమెరా సంచి మీదికి పోయింది, సిగ్గులేని చెయ్యి, మా ఆవిడ పోయి నెల దాటలేదు, బస్సు కుదుపులకి ఒళ్ళో ల్యాప్‌టాప్ ఎగురుతోంది, ముందు ఆ పని చూడు, అమ్మాయి పొద్దున్నే ఫోన్ చేసి చెప్పింది, అమ్మ పాఠాలు చెప్పిన స్కూల్లో లైబ్రరీకి రేపు అమ్మ పేరు పెడుతున్నారు నాన్నా, గోడకి ఫొటో కావాలట, నా ఫోన్లో ఉన్నవన్నీ జుట్టు ఊడిపోయాక తీసినవే, అవి వద్దు, నువ్వు ముప్పై ఏళ్ళు కెమెరా మెళ్ళో వేసుకుని ఊళ్ళు తిరిగావు కదా, ముఖం కనబడేది ఒక్కటి పంపు అంది, ఒక్కటేమిటి తల్లీ, వేలున్నాయి అన్నాను, ఎంత గొప్పగా అన్నానో.

వేలున్న మాట నిజమే, వాటిలో ఆవిడ ఉన్న మాటా నిజమే, మనిషి లేకపోతే మబ్బు ఎంత పెద్దదో తెలియదని గుట్ట మీదా ఒడ్డునా ఖాళీ రోడ్డు మీదా ఆవిడనే నిలబెట్టేవాణ్ణి, మీ ఫొటోల్లో నేను టేపుకొలతనండీ అని నవ్వేది, కాని వెలుతురు ఆకాశానికి సరిపెడితే కింద మనిషి నల్లబడిపోతుంది, ఇదిగో నల్లటి ఆకారం, ఇదిగో ఇంకోటి, కంప్యూటర్లో నలుపు తగ్గించి చూస్తే జడ, వీపు, మళ్ళీ జడ, ఆవిడా మబ్బునే చూస్తోంది, వాన మొదలైతే గొడుగు కెమెరాకి పట్టి తను తడిసేది, పిచ్చి కుదిరింది రోకలి తలకు చుట్టమన్నాట్ట, అలా ఉంది మన సంసారం అనేది, పక్క సీటాయన తొంగి చూసి మబ్బులు బాగా తీశారండీ అన్నాడు, థాంక్సండీ అన్నాను, ఏ మబ్బు ఏ రోజుదో, గాలి ఎటు నుంచి వీచిందో అడగండి చెబుతాను, ఆవిడ పుట్టుమచ్చ ఏ బుగ్గ మీదుందో మాత్రం అడక్కండి, ఛీ, నాదీ ఒక బతుకేనా.

చెరువు ఒడ్డు ఫొటో, బహుమతి వచ్చింది దీని తర్వాతి దానికి, ఇది పనికిరాదని నేను పక్కన పడేసింది, ఇందులో ఆకారం వేరుగా ఉంది, మోచెయ్యి పక్కకి పొడుచుకొచ్చింది, నలుపు తగ్గించాను, ఇంకాస్త, చెంప తేలింది, ముక్కు, అమ్మయ్య, ఇటే తిరిగి ఉంది, కుడి బుగ్గ, కుడి బుగ్గే, దొరికింది తల్లీ అని మెసేజ్ కొట్టేశాను కూడా, పంపు నాన్నా అని వెంటనే వచ్చింది, అప్పుడు చూశాను, నోరు సగం తెరిచి ఏదో చెబుతోంది, చెయ్యి కడుపు మీదుంది, కళ్ళు చిట్లించుకుంది, ఏవండీ, ఇక్కడ పట్టేసినట్టుంది, పొద్దుట్నుంచీ ఇంతే, వెళ్దామా అంది, పది నిమిషాలు, వెలుగు దిగుతోంది, నువ్వు అటు తిరుగు అన్నాను, తిరిగింది, ఫొటో కింద తేదీ ఉంది, వేళ్ళ మీద లెక్కపెట్టాను, ఆసుపత్రికి వెళ్ళడానికి ఎనిమిది నెలల ముందు, నొప్పి ఎప్పట్నుంచమ్మా అని డాక్టరు అడిగింది ఆవిణ్ణే, ఈమధ్యే, రెండు నెలలండీ అని నేను చెప్పాను, బాగా ఆలస్యం చేశారు, నాలుగైదు నెలల ముందు వచ్చినా బాగుండేది అంది డాక్టరు, ఆవిడ నావైపు ఒకసారి చూసి, నేనే ఎవరికీ చెప్పలేదు డాక్టరుగారూ, అని తప్పు తన మీద వేసుకుంది.