పురుగులింటి ఏడో నెంబరు

ఆషాఢం రాగానే కొత్త కోడలిని పుట్టింటికి పంపేశారు. శిడ్లఘట్ట పక్కన పల్లెలో, అత్తగారింట్లో ఉండవలసిన నేత్ర బాగేపల్లిలో అమ్మ వంటింటి మెట్టు మీద కూర్చుంది. రెండు కాళ్ళ మెట్టెలనూ ఒకదానికొకటి తగిలించి టింగుమనిపిస్తోంది. పెళ్ళయి రెండు నెలలైనా కాలేదు, ఆ చప్పుడంటే ఆమెకింకా ముద్దే. కానీ ఈ పొద్దు మనసు దానిమీద లేదు. ఫోన్‌లో పేజీ తెరుచుకోవడం లేదు.

అత్తగారిది పట్టుపురుగులు మేపే ఇల్లు. పెరట్లో పురుగులిల్లు వేరేగా ఉంది; తెగులు సోకకుండా సున్నపునీళ్ళలో కాళ్ళు తడుపుకునే అందులోకి పోవాలి. లోపల వేడి ఎంతో, తేమ ఎంతో చెప్పే రెండు చిన్న పరికరాలూ, ఒక కెమెరా నేత్ర పెట్టించింది. అవి పంపేదంతా పురుగులింటి ముందుగదిలోనే ఉన్న లాప్‌టాప్‌లోకి చేరుతుంది. కాలేజీలో ఆమె వాడి వాడి అరగదీసిన ఆ లాప్‌టాప్‌కు ఇప్పుడు సర్వర్ అని హోదా. ఏ ఊళ్ళో ఉన్నా ఫోన్‌లో ఆ పేజీ తెరిస్తే పురుగులిల్లు కళ్ళముందుంటుంది.

ఆమె పుట్టింటికి బయలుదేరిన రోజు అత్త మునిరత్నమ్మ పూలు తురుముతూ ఒక మాట అంది.

"ఈ పంటకు చూస్తానమ్మా. పనికొస్తే ఉండనీ. లేదంటే నీ వైర్లన్నీ పీకి అటక మీద పెట్టేస్తా. పురుగులింట్లో దండగ సామాను ఉండకూడదు."

వైర్లు పోతాయని కాదు నేత్ర బెంగ. ఆ ఇంట్లో అందరికీ ఒక పని ఉంది. మామ వెంకటరాయప్ప మల్బరీ ఆకు కోసి తెస్తాడు. అత్త మేత వేస్తుంది. మొగుడు పునీత్ చిక్కబళ్ళాపురంలో ఆఫీసుకు పోయేముందు కింద పడ్డ చెత్త ఎత్తి పోతాడు. నేత్రది అనడానికి ఇదొక్కటే ఉంది. ఇది అటకెక్కితే తను మళ్ళీ వచ్చినవాళ్ళకు కాఫీలందించే కొత్త కోడలే.

ముందు మొగుడికి ఫోన్ చేసింది.

"పేజీ రావడంలేదు."

"నాలుగు దినాలకు ఫోన్ చేసి పేజీ గురించా? మొగుడెట్లుండాడని అడగవా?"

"రాత్రే కదా రెండు గంటలు మాట్లాడితిమి!"

"అది నిన్నటి లెక్క. సరే, నేను ఆఫీసులో ఉండాను. అమ్మను అడుగు. మెల్లగా అడుగు, పురుగులు నాలుగో జ్వరంలో ఉండాయి."

పురుగు పాత చర్మం విడిచే ముందు మేత మాని, తల పైకెత్తి, కదలకుండా నిద్రపోతుంది. ఆ ప్రాంతంలో దాన్నే జ్వరమంటారు. పట్టుగూడు కట్టేలోగా నాలుగుసార్లు వస్తుంది. ఆ నిద్ర చెడితే పంట చెడుతుందని ఆ దినాల్లో ఇంటిల్లిపాదీ గొంతు తగ్గించి మాట్లాడుతుంది. మొదటిసారి అది చూసినప్పుడు నేత్రకు నవ్వొచ్చింది. రెండోరోజుకు తనూ గుసగుసగానే మాట్లాడసాగింది.

అత్తకు ఫోన్ కలిపింది. తెలియకుండానే తన గొంతూ తగ్గింది.

"అత్తా, కరెంటు ఉండాదా?"

"ఉండాది. ఏమ్మా?"

"ముందుగదిలో తెల్లపెట్టె, అదే రూటరు, దాని లైట్లు వెలగతాండాయా?"

మునిరత్నమ్మ గొంతు సవరించుకుంది.

"వెలగతాండాయి. అన్నీ పచ్చగానే ఉండాయి."

"లాప్‌టాపు?"

"అది కూడా. గీతలు గీస్తానే ఉండాది."

ఇక్కడ అమ్మ టీవీలో నెట్ పెట్టుకుని వంటల వీడియో చూస్తోంది. అంటే ఈ ఇంట్లో నెట్ ఉంది, ఆ ఇంట్లోనూ ఉంది. నడుమ దారి ఎక్కడో తప్పింది. రూటరు ఆరి మళ్ళీ వెలిగితేనే అట్లా తప్పుతుంది.

"రాత్రి కరెంటు పోయిందా అత్తా?"

"లేదే."

"మరి పెట్టె ఎవరన్నా ఆపినారా?"

అటువైపు నుంచి మామ గొంతు వినిపించింది. "చెప్పేయ్! ఎంతసేపు దాస్తావు?"

"నువ్వు ఊరకుండు!" అని గుసగుసగానే కసిరి, మునిరత్నమ్మ నిట్టూర్చింది. "నేనే ఆపినా నేత్రా. తలుపు సందులోంచి ఆ పచ్చలైట్లు మిణుకు మిణుకుమంటాంటే, పాపం, వాటికి నిద్ర యాడ పడతాది? జ్వరంలో ఉండాయి కదా. రాత్రి ఆపేసి, నువ్వు కనుక్కుంటావేమోనని పొద్దున్నే మళ్ళీ వేసినా."

నేత్ర నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. పురుగుల కంట్లో వెలుతురు పడుతుందని రాత్రి లేచి లైటు ఆర్పిన అత్త, కోడలికి జడిసి పొద్దున్నే వెలిగించింది! అలాంటి ఇంటికి కోడలైనందుకు ఆమె మనసంతా తియ్యనైంది.

"ఏం కాలేదత్తా. ఆ పెట్టె ఆరి వెలిగితే ఇంట్లో ఒక్కోదానికి కొత్త నెంబరు ఇస్తాది. బయటినుంచి నేను వస్తే అయిదో నెంబరుకు పంపమని దానికి చెప్పిపెట్టినా. లాప్‌టాపు మీద పైన ఉండే అంకెల వరస చివర్న ఏ నెంబరుండాది?"

"ఉండు, సున్నపునీళ్ళలో కాళ్ళు తడుపుకొని లోపలికి పోతా." కాసేపటికి, "ఏడు," అంది.

"అదే! అయిదు ఇంకెవరికో పోయింది. ఇప్పుడు నేను చెప్పినట్ల ఆ లాప్‌టాపులో పెట్టె పేజీ తెరవాల. పాస్‌వర్డు అడుగుతాది."

ఆ మాట అన్నాకగానీ నేత్రకు గుర్తు రాలేదు పాస్‌వర్డు ఏమిటో. చెవులు వేడెక్కాయి.

"చెప్పమ్మా, అక్షరాలు కొడతా. ఇంగ్లీషు అక్షరాలు నాకొస్తాయి."

"ఎం... యు... రెండు డి... మళ్ళీ యు..."

"ఊఁ."

"పి... యు... ఎన్... రెండు ఈ... టి... హెచ్."

మునిరత్నమ్మ వేలు ఆడిస్తూ కూడబలుక్కుంది. "ముద్దు... పునీత్." ఇక పురుగుల జ్వరమనీ లేదు, నిద్రనీ లేదు, ఆమె పకపకా నవ్వింది. వెంటనే తన నోరు తానే మూసుకున్నట్టుంది, నవ్వు ముక్కులోంచి వచ్చింది.

"అత్తా! మామకు చెప్పొద్దు!"

"నేనెందుకు చెప్తా? పక్కనే నిలబడి వింటాండాడు."

నేత్ర మెట్టు మీదే మోకాళ్ళలో మొహం దాచుకుంది. లోపలినుంచి అమ్మ, "ఏమే, కడుపునొప్పా?" అని అడిగింది.

పేజీ తెరుచుకుంది. ఇంట్లో ఎవరికి ఏ నెంబరు దక్కిందో అందులో వరుసగా ఉంది. మునిరత్నమ్మ చదివింది.

"అయిదులో... మీ మామ ఫోను ఉండాది. ఏమయ్యా, కోడలు పొద్దుననుంచి వచ్చి నీ ఫోను తలుపు కొడతాందంట!"

"నాకేం వినపళ్ళేదే," అన్నాడు వెంకటరాయప్ప నిజంగానే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని.

బయటినుంచి వచ్చేవాళ్ళను ఎక్కడికి పంపాలో చెప్పే గడిలో అయిదు తుడిచి ఏడు వేయించింది నేత్ర. ఇక ముందు పెట్టె ఎన్నిసార్లు ఆరినా ఏడు లాప్‌టాప్‌కే ఉండేటట్టు ఇంకో చోట గుర్తు పెట్టించింది. అత్త ప్రతి మీటా నొక్కేముందు "ఇదేనా? నొక్కేదా?" అని అడిగింది. పురుగులకు మేత వేసేటప్పుడు ఎంత జాగ్రత్తో ఇక్కడా అంతే జాగ్రత్త.

"సేవ్ నొక్కత్తా."

నేత్ర ఫోన్‌లో పేజీని కిందికి లాగి వదిలింది. చక్రం తిరిగింది, తిరిగింది... వేడి, తేమ, గీతలు, అన్నీ వచ్చేశాయి. కెమెరాలో స్టాండు అరలు, వాటిమీద తేమ పీల్చడానికి చల్లిన సున్నంపొడి, తెల్లగా వేలాది పురుగులు.

"వచ్చిందత్తా! వచ్చేసింది!"

"అరవద్దే, పడుకోనుండాయి!"

"రాత్రి లైట్లకు ఏదన్నా గుడ్డ అడ్డం కట్టు, పెట్టె మాత్రం ఆపొద్దు."

"సరే," అంది మునిరత్నమ్మ. ఆమె గొంతులో ఇప్పుడు నవ్వు లేదు, పని ఉంది. "ఇంతకూ లేచినాయా చూడు. నేను పోయి తలుపు తీసి తొంగిచూస్తే ఉలిక్కిపడతాయి. అన్నీ లేవకముందే ఆకు వేస్తే కొన్ని పెద్దవై కొన్ని చిన్నగా నిలిచిపోతాయి. నువ్వు కదిలించకుండా చూడగలవు కదా."

నేత్ర రెండు వేళ్ళతో బొమ్మను పెద్దది చేసింది. ఎడమవైపు పురుగులు తలలు అటూ ఇటూ తిప్పుతూ మేతకోసం వెతుకుతున్నాయి. కుడివైపు కింది అరలో మాత్రం చాలావాటి తలలు ఇంకా పైకే లేచి ఉన్నాయి. అర అరకూ పోయి చూసింది.

"కుడిపక్క కింది అరలో ఇంకా పడుకోనుండాయత్తా. సగానికి పైగా."

"అయితే వెయ్యొద్దా?"

ఆ ప్రశ్న తననే అడిగారని అర్థం కావడానికి నేత్రకు ఒక క్షణం పట్టింది.

"వద్దు. కాసేపు ఉందాం. లేవంగానే నేను చెప్తా."

అవతల తలుపు మెల్లగా మూసిన చప్పుడు. ఆ వెనకే అత్త గొంతు, మామతో, గుసగుసగా: "ఆ ఆకుమోపు నీడలో పెట్టు. కోడలు చెప్పేదాకా ఎవరూ ముట్టొద్దు."