ఓడగొట్టిన ఓటు

పంతొమ్మిది వందల అరవై ఆరు, వేసవికాలం. కారంపూడికి మూడు మైళ్ల దూరంలోని ఆ పల్లెలో బడి ముందు తాటాకు పందిరి వేశారు. నెల కిందట కన్నుమూసిన గోపాలకృష్ణయ్యకు సంతాపసభ. ఐదేళ్లు పంచాయతీ సమితి ప్రెసిడెంటుగా ఉండి చుట్టుపక్కల ఊళ్లకు రోడ్లూ, బడులూ తెచ్చిన మనిషి ఆయన. పెద్దలు బల్లల మీద, తక్కినవాళ్లు కింద కూర్చున్నారు. నర్సు రాహేలు మాత్రం పందిరి బయట ఎండలో నిలబడింది. అది ఎవరికీ వింతగా తోచలేదు. వేదిక మీదున్న సర్పంచి యల్లమంద ఆమెను చూసి, చూపు తిప్పుకున్నాడు.

ఆరేళ్ల కిందట కాన్పు కష్టమై ఇద్దరు ఆడవాళ్లు ఆసుపత్రికి పోయే దారిలో, బండి మీదే ప్రాణం విడిచారు. గోపాలకృష్ణయ్య గుంటూరు ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి ఊరికి నర్సును వేయించాడు. వచ్చింది రాహేలు, అచ్చంపేట వైపు మాలపల్లెలో పుట్టిన క్రైస్తవురాలు. ఆమె చేత పురుడు పోయించుకున్న ఇళ్లే అద్దెకు గది అడిగితే తలుపులు వేసుకున్నాయి. ఆయన తన వీధిగది ఖాళీ చేసి ఆమెకిచ్చాడు. తన బావిలోనే నీళ్లు తోడుకోమన్నాడు. ఆనాటి నుంచి బంధువులు ఆయనింట మంచినీళ్లు ముట్టలేదు.

అరవై నాలుగులో మళ్లీ ప్రెసిడెంటు ఎన్నిక వచ్చింది. ఓటు వేయాల్సింది సర్పంచులు. యల్లమంద ఆయనకు చిన్ననాటి స్నేహితుడు. అయితే ఆయనకు ఓటేస్తే ఇక నీ గడప తొక్కనని వియ్యంకుడు చెప్పి వెళ్లాడు. యల్లమంద రహస్యంగా వేసిన చీటీ అవతలి పక్షానికి పడింది. గోపాలకృష్ణయ్య ఒక్క ఓటుతో ఓడిపోయాడు.

ఆ సాయంత్రం ఆయనే వచ్చి యల్లమంద అరుగు మీద కూర్చున్నాడు. "ఎవురెటు బోయినా నువ్వు నా పక్కనే ఉన్నావురా. అది చాలు," అన్నాడు.

యల్లమంద నిజం దాచాడు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే రెండేళ్లు గడిపాడు. ఇంతలో ఆయన పోయాడు.

ఇప్పుడు ఆయన్ను పొగిడే వంతు తనదైంది. పంతులుగారు రాసిచ్చిన ఉపన్యాసం మొదటి వాక్యం చదివి, కాగితం మడిచేశాడు.

"ఆయన్ను ఓడగొట్టిన ఓటు నాది," అన్నాడు.

కాగితం జేబులో పెట్టుకుని మళ్లీ అందుకున్నాడు.

"ఈ మాట ఆయనకు చెప్పుకోవాల్సింది. ధైర్యం లేక మీకు చెబుతున్నా. పోయినేడు నా కూతురు కాన్పులో రెండు ప్రాణాలు నిలబెట్టింది రాహేలమ్మ. ఆమె చెయ్యి పనికొచ్చింది గానీ ఆమె మన మధ్యన ఉండటం పనికిరాలేదు మనకు."

వియ్యంకుడు లేచి వెళ్లిపోయాడు. గోపాలకృష్ణయ్య కొడుకులు ఇల్లు అమ్మేస్తున్నారనీ, వేరే గది దొరక్క రాహేలు బదిలీకి అర్జీ పెట్టుకుందనీ యల్లమందకు తెలుసు. వేదిక దిగి ఆమె దగ్గరికి నడిచాడు. అర్జీ వెనక్కి తీసుకొమ్మన్నాడు, తన ఇంటి వీధిగదిలో ఉండమన్నాడు.

రాహేలు సంబరపడలేదు. "బావి సంగతేంది సర్పంచిగారూ? ముందు అమ్మగారిని అడగండి," అంది.

ఆడవాళ్ల మధ్యలో కూర్చున్న యల్లమంద భార్య సుశీల లేచి నిలబడింది. "బావిలో తోడుకోను చేద నేనే ఇస్తా. రేపు సామాను తెచ్చుకోమను," అంది.

రాహేలు వచ్చి పందిరి నీడలో కూర్చుంది. యల్లమంద గుండె మాత్రం తేలికపడలేదు. వినాల్సిన మనిషి వేదిక మీద దండ వేసిన పటంలో ఉన్నాడు.

"మంచివాడి పక్కన ఆయన బతికుండగా నిలబడాలి. మనం నిలబడలేదు," అన్నాడు మళ్లీ సభ వైపు తిరిగి. "ఇక మిగిలింది ఒకటే. ఆయన ఒంటరిగా మోసిన బరువును ఇవాళ్టి నుంచి మనం మోయాలి. అది చెయ్యకుండా దండలు వేస్తే ఆయన్ను రెండోసారి ఓడించినట్టే."